గేరు మారితే గుండె ఝల్లు

కోల్‌కతాలో పది కిలోమీటర్లు కారులో వెళ్లాలంటే సగటున 34 నిమిషాల 33 సెకన్లు పడుతుందని టామ్‌టామ్ సంస్థ తన 2024 ట్రాఫిక్ సూచీలో లెక్క తేల్చింది. ఆ జాబితాలో ఇంతకంటే నెమ్మదైన నగరం ప్రపంచం మొత్తమ్మీద ఒక్కటే, కొలంబియాలోని బరాంకియా. వామపక్ష సంఘటన బెంగాల్‌ను పాలించింది 34 ఏళ్లు, పది కిలోమీటర్లకు పట్టేది 34 నిమిషాలు. ఆ అంకెతో ఈ ఊరికేదో రుణానుబంధం ఉన్నట్టుంది. కారణం కోసం పెద్ద పరిశోధనేమీ అక్కర్లేదు. నగర విస్తీర్ణంలో రోడ్ల వాటా దాదాపు 6 శాతమే. ఆ ఆరు శాతంలోనే బస్సు, ఆటో, తోపుడుబండి, టాక్సీ, కాళీఘాట్‌కు వెళ్లే భక్తులు, బ్రిగేడ్ మైదానానికి వెళ్లే ఊరేగింపులు, అన్నీ సర్దుకోవాలి.

ఇలాంటి ఊళ్లో డ్రైవరుకు అన్నిటికంటే ముందు అరిగిపోయేది ఎడమ కాలు. శ్యామ్‌బజార్ నుంచి గరియాహాట్ చేరేలోపు క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతామో లెక్కపెట్టడం మొదలుపెడితే మధ్యలోనే విసుగొచ్చి మానేస్తాం. ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో తయారైన అంబాసిడర్‌ను దశాబ్దాలపాటు ఇదే రద్దీలో నడిపిన పసుపుపచ్చ టాక్సీవాలాల మోకాళ్ల గురించి ఎవరూ రాయలేదుగానీ, రాస్తే అదొక కార్మికోద్యమ చరిత్ర అవుతుంది. ఆ ఫ్యాక్టరీలో పని 2014 మే నెలలో ఆగిపోయింది. చిత్రమేమంటే, అదే ఏడాది ఫిబ్రవరిలో మారుతి సంస్థ సెలేరియోతో చవకరకం ఆటోమేటిక్‌ను మధ్యతరగతి ఇంటిముందుకు తెచ్చింది. అంతవరకు ఆటోమేటిక్ అంటే డబ్బున్నవాళ్ల ముచ్చట. హోండా సిటీ, హ్యుందాయ్ ఐ10, మారుతి ఏ-స్టార్ వంటివాటిలో ఆటోమేటిక్ దొరికినా కొనేవాళ్లు తక్కువే. ఒక శకం మూతపడిన ఏడాదే ఇంకొకటి తలుపు తీసింది.

ఆ కార్లన్నీ ఇప్పుడు పాతబడ్డాయి. కొన్నింటికి పదేళ్లు, కొన్నింటికి పదిహేను. మొదటి యజమానులు అమ్మేసుకున్నారు, రెండోవాళ్లు కూడా అమ్మేశారు. ఇప్పుడు వాటిని కొంటున్నది ఎవరంటే మోకాళ్లు అరిగినవాళ్లు, చిన్నప్పుడు పోలియో సోకి ఎడమ కాలు సహకరించనివాళ్లు, యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్న గృహిణులు. వీళ్లకు ఆటోమేటిక్ విలాసం కాదు, ఇంకొకరిమీద ఆధారపడకుండా గడప దాటడానికి ఉన్న ఏకైక దారి. కొత్తది కొనే స్తోమత లేక పాతదానికి వెళ్తారు. కొన్న కొన్నాళ్లకు అది ఒకరోజు 'డి'లో పెట్టగానే ధబ్‌మని కుదుపుతుంది. రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఊపుతుంది. ఇక అక్కడినుంచి మొదలు.

విశాఖ నుంచి బదిలీపై వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగికి ఇదే జరిగింది. వయసు యాభై అయిదు, ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. పన్నెండేళ్ల నాటి ఆటోమేటిక్ సెడాన్ కొన్నారు. మూడు నెలలకు కుదుపులు మొదలయ్యాయి. మొదట చూపించిన వర్క్‌షాపువాళ్లు మూత కూడా తియ్యకుండానే తీర్పు చెప్పారు. "గేర్‌బాక్స్ పోయింది సార్, మొత్తం మార్చాలి." చెప్పిన ఖర్చు ఆయన కారు కొన్న ధరలో సగానికిపైనే. "బాబూ, ఇది కారుకు వైద్యమా, నాకు దహనసంస్కారమా?" అని ఆయన నన్నడిగారు. రెండో అభిప్రాయం కోసం మల్లిక్‌బజార్ వెళ్దామన్నాను.

పార్క్ స్ట్రీట్, ఆచార్య జగదీశ్‌చంద్ర బోస్ రోడ్డు కలిసేచోట ఉంటుంది మల్లిక్‌బజార్. పాత కార్ల విడిభాగాలకు అది తూర్పు భారతానికే సంతలాంటిది. హెడ్‌లైట్లు, తలుపులు, రేడియేటర్లు, ఏ కారువో గుర్తుపట్టలేని గేర్‌బాక్సులు ఫుట్‌పాత్ మీద చేపల్లా పరిచి ఉంటాయి. ఇక్కడ మెకానిక్‌ను మిస్త్రీ అంటారు. మన మేస్త్రి గోడలు కడతాడు, వాళ్ల మిస్త్రీ కార్లు విప్పుతాడు. రెండు మాటలకూ మూలం పోర్చుగీసు వాళ్ల 'మెస్త్రె' అనే పదమే. హుగ్లీ తీరానికీ, కోరమాండల్ తీరానికీ ఒకే ఓడలో దిగుమతైందన్నమాట.

అక్కడి మిస్త్రీ చేసిన మొదటి పని మమ్మల్ని కారు స్టార్ట్ చెయ్యమని, బానెట్ ఎత్తి, బ్రేకు గట్టిగా తొక్కి ఉంచమని, 'ఆర్' నుంచి 'డి'కి, 'డి' నుంచి 'ఆర్'కు మార్చమనడం. తాను మాత్రం పక్కన నిలబడ్డాడు, ముందుకు కాదు. ఇంజిన్ ఒక్కసారి కుడికీ ఎడమకూ పొర్లింది, గుర్రం ఒళ్లు విదిలించినట్టు. రెండో పని, డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డముక్క మీద తుడవడం. నూనె నల్లటి గోధుమరంగులో ఉంది, మట్టం గీతకు బాగా కింద ఉంది. వాసన చూసి మొహం చిట్లించి, "దాదా, ముందు ఇవి రెండూ బాగుచేద్దాం. డబ్బాను విప్పేది ఆ తర్వాత," అన్నాడు. పాడైన ఇంజిన్ మౌంటింగ్, తక్కువైన నూనె, అది కారుతున్న ఒక సీలు. ఆ మూడూ సరిచేశాక ధబ్‌మనే చప్పుడు ఆగింది. రెండు-మూడు మధ్య చిన్న ఊపు మిగిలింది. దానితో ఆయన రాజీపడిపోయారు. అందరి కథా ఇంత చవగ్గా తేలదు. కానీ వరస మాత్రం ఇదే కావాలి. ముందు చవకైనవి, చూడటానికి తేలికైనవి. గేర్‌బాక్స్ విప్పడం చిట్టచివర.

అసలా డబ్బాలో ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే వర్క్‌షాపులో మోసపోయే అవకాశం సగం తగ్గుతుంది. మామూలు గేరుబండిలో ఇంజిన్‌కూ చక్రాలకూ మధ్య క్లచ్ పళ్లేలుంటాయి. పాత తరహా ఆటోమేటిక్‌లో వాటి స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది తిరిగినట్టు, ఇందులో నూనె ద్వారా ఒక చక్రం ఇంకో చక్రాన్ని తిప్పుతుంది. ఈ సూత్రానికి జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫ్యోటింగర్ 1905లోనే పేటెంట్ పొందాడు, అదీ ఓడల కోసం. కార్లలో పెద్దఎత్తున అమ్ముడైన మొదటి పూర్తి ఆటోమేటిక్ జనరల్ మోటార్స్ వాళ్ల హైడ్రామాటిక్, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో వచ్చింది.

కన్వర్టర్ వెనక గ్రహాల్లా తిరిగే పళ్లచక్రాలు, వాటిని పట్టుకునేందుకూ వదిలేందుకూ చిన్నచిన్న క్లచ్ పొరలు ఉంటాయి. గేరు మారడమంటే ఒక పొరల జత పట్టు వదలడం, ఇంకో జత పట్టు బిగించడం. రాజనీతిశాస్త్రం చదువుకున్నవాణ్ని కాబట్టి నాకిది సంకీర్ణ ప్రభుత్వంలా కనిపిస్తుంది. పాత భాగస్వామి మద్దతు ఉపసంహరించే క్షణానికీ, కొత్త భాగస్వామి లేఖ ఇచ్చే క్షణానికీ తేడా రాకూడదు. పాతది ముందే వదిలేస్తే ఇంజిన్ ఊరికే గీపెడుతుంది, బండి కదలదు. కొత్తది తొందరపడి పట్టుకుంటే ఇద్దరూ ఒకేసారి లాగి బండి కుదుపుతుంది. ఈ లెక్కంతా నూనె ఒత్తిడి మీద నడుస్తుంది. ఆ ఒత్తిడిని ఎటు పంపాలో వాల్వ్ బాడీ అనే సన్నని కాలువల పలక చూసుకుంటుంది. కాలువల తూములు తెరిచేవీ మూసేవీ సొలినాయిడ్లు. వాటికి హుకుం ఇచ్చేది కంప్యూటర్. ఇంకా పాత కార్లలో కంప్యూటర్ బదులు యాక్సిలరేటర్ నుంచి వచ్చే ఒక తీగ ఉంటుంది. అది బిగుతైతే గేరు ఆలస్యంగా, గట్టిగా పడుతుంది. వదులైతే తొందరగా పడి జారుతుంది. ఆ తీగ సర్దుబాటుకు పట్టేది కొద్ది నిమిషాలే. అది తెలియక గేర్‌బాక్సులు మార్పించుకున్నవాళ్లున్నారని మల్లిక్‌బజార్‌లో నవ్వుతూ చెబుతారు.

కాబట్టి కుదుపు ఎప్పుడు వస్తోందన్నదే ముఖ్యం. 'పి' నుంచి 'డి'కి మార్చినప్పుడే వస్తే మౌంటింగులనూ, ఇంజిన్ ఐడిలింగ్ వేగాన్నీ అనుమానించాలి. ఐడిలింగ్ ఎక్కువుంటే ఎంత మంచి గేర్‌బాక్సయినా ధబ్‌మంటుంది, దానికి మందు గేర్‌బాక్స్‌లో లేదు, మురికిపట్టిన థ్రాటిల్ బాడీలో ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఊపి, వేడెక్కాక సర్దుకుంటే ముసలి సీళ్లో, నూనో. వేడెక్కాకే మొదలైతే కాస్త కంగారుపడాల్సిన విషయం. ఎప్పుడూ ఒకే గేరు దగ్గర వస్తే ఆ గేరుకు సంబంధించిన సొలినాయిడో, క్లచ్ పొరో. అన్ని గేర్లూ గట్టిగా పడుతూ, బండి మూడో గేరులోనో మరోదాంట్లోనో ఇరుక్కుపోయి, మీటర్లో పసుపుదీపం వెలిగితే కంప్యూటర్ ఆత్మరక్షణలోకి వెళ్లిందని అర్థం. తనకు ఏదో సెన్సర్ సరిగా కబురు చెప్పనప్పుడు అది నూనె ఒత్తిడిని గరిష్ఠానికి పెంచేసి, ఇంటికి చేరేవరకు లాక్కొస్తుంది. నీరసించిన బ్యాటరీ కూడా ఈ నాటకం ఆడించగలదు. పైగా, ఇంజిన్‌లో ఒక ప్లగ్గు సరిగా కొట్టకపోయినా అదే కుదుపు, నేరం గేర్‌బాక్స్ మీద పడుతుంది. మనదేశంలో 2013 ఏప్రిల్ తర్వాతి కార్లకు రెండో దశ ఓబీడీ వ్యవస్థ తప్పనిసరైంది కాబట్టి స్కానర్ తగిలిస్తే జాడ దొరుకుతుంది. స్కానర్ తగిలించకుండానే "గేర్‌బాక్స్ పోయింది" అన్నవాడి దగ్గర్నుంచి బయటికి నడిచి రావచ్చు.

ఇక నూనె. దీని గురించి కాస్త వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే పాత ఆటోమేటిక్‌ల కష్టాల్లో పెద్ద వాటా ఇక్కడే ఉంది. ఏటీఎఫ్ అని పిలిచే ఈ ద్రవం ఒక్కటే అయినా నాలుగు పనులు చేస్తుంది. శక్తిని మోస్తుంది, ఒత్తిడి ఆదేశాలను చేరవేస్తుంది, వేడిని తీసుకెళ్తుంది, అరుగుదల ఆపుతుంది. ఇవి చాలవన్నట్టు క్లచ్ పొరలు జారకుండా, అలాగని అతుక్కుపోకుండా పట్టుకునేలా చూడాలి. జారనివ్వకూడదు, కరవనివ్వకూడదు. ఈ రెండిటి మధ్య తూకం కుదరక ఒకప్పుడు అమెరికాలో ఈ నూనెలో స్పెర్మ్ తిమింగలం కొవ్వునూనె కలిపేవాళ్లు. 1970ల తొలినాళ్లలో తిమింగలాల రక్షణకు చట్టాలొచ్చి అది ఆగిపోయాకే రసాయన శాస్త్రవేత్తలు వేరే దారి వెతికారు. మన కారు మెత్తగా గేరు మార్చడం వెనక అలాంటి చరిత్ర ఉంది.

కొత్త నూనె చాలావరకు ఎర్రగా, రూఅఫ్జా రంగులో ఉంటుంది. ముదురు గోధుమరంగూ, మాడిన వాసనా వచ్చిందంటే వేడికి ఉడికిపోయిందని. మామూలు ఉష్ణోగ్రత మీద ప్రతి పది డిగ్రీలు పెరిగినకొద్దీ నూనె ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందన్నది ఇంజినీర్ల మోటు లెక్క. మే నెల మధ్యాహ్నం మా ఫ్లైఓవర్ మీద అరగంట ఇరుక్కున్న కారు సంగతి ఆ లెక్కలో పెట్టి చూసుకోండి. అన్నట్టు ఆ ఫ్లైఓవర్ పేరే 'మా', అమ్మ అని అర్థం, తెలుగువాళ్లు మాది అనుకుని సంబరపడనక్కర్లేదు.

ఇక్కడే కంపెనీల మాయమాట ఒకటుంది. 'జీవితకాల నూనె, మార్చనక్కర్లేదు' అంటారు. ఎవరి జీవితకాలమో చెప్పరు. వారంటీ కాలమే జీవితమనుకుంటే ఆ మాట నిజమే. చాలా కార్ల మాన్యువల్ చివరి పేజీల్లో 'కఠిన పరిస్థితులు' అని ఒక పట్టిక ఉంటుంది. ఆగి ఆగి నడిచే రద్దీ, ఎక్కువ వేడి, చిన్న దూరాలు ఆ పట్టికలో కఠిన పరిస్థితులుగా ఉంటాయి. కోల్‌కతావాళ్లకది మామూలు సోమవారం. అలాంటిచోట చాలా కార్లకు 40 నుంచి 60 వేల కిలోమీటర్లకోసారి నూనె మార్చడం తెలివైన పని. అయితే లక్షన్నర కిలోమీటర్లు ఒక్కసారీ మార్చని కారుకు ఒక్కదెబ్బతో యంత్రంపెట్టి మొత్తం కడిగించడం ప్రమాదమని అనుభవజ్ఞులు చెబుతారు. అడుగున పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీ సన్నని కాలువల్లో ఇరుక్కుంటుంది. అంతకంటే, అడుగు బోల్టు విప్పి కారినంత కారనిచ్చి, అంతే కొత్తది పోసి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపాక మళ్లీ అదే చెయ్యడం మేలు. కన్వర్టర్‌లో చాలా నూనె ఉండిపోతుంది కాబట్టి ఒక్కసారికి మొత్తం ఎలాగూ రాదు. పాన్ విప్పితే అందులో అంటించిన అయస్కాంతం చూడండి. బూడిదలాంటి మెత్తని పొడి ఉంటే వయసు తాలూకు అరుగుదల. చేతికి గుచ్చుకునే ఇనుప ముక్కలుంటే నూనె మీద ఖర్చు దండగ, ఆ డబ్బు పెద్ద ఆపరేషన్‌కు దాచుకోవాలి.

ఏ నూనె పొయ్యాలన్నది ఇంకో తగవు. డబ్బా మీద ఏటీఎఫ్ అని ఉన్నంతమాత్రాన సరిపోదు. టయోటాకు ఒకటి, హోండాకు ఒకటి, మిత్సుబిషి, హ్యుందాయ్‌లకు ఎస్‌పీ వరస, సీవీటీలకు పూర్తిగా వేరేది. బెల్టుతో నడిచే సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి గేర్‌బాక్స్ పాడవుతుంది. 'అన్ని కార్లకూ పనికొస్తుంది' అని రాసి ఉన్న డబ్బాను అన్ని పార్టీల్లో పనిచేసిన నాయకుణ్ని చూసినట్టే చూడాలి. మట్టం చూసే పద్ధతి కూడా కంపెనీకొకటి. కొన్నింటికి ఇంజిన్ వేడిగా నడుస్తుండగా చూడాలి, హోండా వంటివాటికి ఆపిన వెంటనే చూడాలి, కొన్నింటికి డిప్‌స్టిక్కే ఉండదు. మాన్యువల్ పోయిందని చేతులెత్తెయ్యకండి, పాత పుస్తకాలకు కాలేజ్ స్ట్రీట్ ఉన్న ఊరిది.

కోల్‌కతాకే ప్రత్యేకమైన గండం మరొకటుంది. నీళ్లు. 2025 సెప్టెంబరు 23న, దుర్గాపూజకు కొద్దిరోజుల ముందు, ఒక్కరోజులోపే 250 మిల్లీమీటర్లకు పైగా వాన పడి నగరం మునిగింది. విద్యుదాఘాతాలతో ప్రాణాలే పోయాయి, కార్ల గురించి బాధపడటం ఆ రోజున సిగ్గుచేటు. కానీ అంత వాన రాకపోయినా, ఠంఠనియా, ఆమ్‌హర్స్ట్ స్ట్రీట్, కామాక్ స్ట్రీట్ లాంటి చోట్ల మోకాలిలోతు నిలవడం ఏటా మామూలే. గేర్‌బాక్స్‌కు గాలి పీల్చుకునే చిన్న గొట్టం ఒకటుంటుంది. వేడిగా ఉన్న డబ్బా ఒక్కసారి నీళ్లలో మునిగి చల్లబడితే, లోపలి గాలి ముడుచుకుని ఆ గొట్టంలోంచి నీళ్లు లాక్కుంటుంది. క్లచ్ పొరలు ఉక్కు పళ్లేలకు జిగురుతో అంటించిన కాగితంలాంటి పదార్థం. నీటికి ఆ జిగురు వదిలిపోతుంది. వాన వెలిసిన వారానికో నెలకో కుదుపు మొదలవుతుంది, అప్పటికి వాన సంగతి మనకు గుర్తుండదు. డిప్‌స్టిక్ మీద నూనె గులాబీరంగు పాలలా కనిపిస్తే అదే. రేడియేటర్‌లోపలి కూలర్ చిల్లుపడ్డా అదే రంగు వస్తుంది. ఆ స్థితిలో బండి నడిపిన ప్రతి కిలోమీటరూ ఖర్చును పెంచేదే. నీళ్లలో ఆగిపోయిన ఆటోమేటిక్‌ను స్టార్ట్ చెయ్యకూడదు. తాడుకట్టి నడిచే చక్రాల మీద లాక్కెళ్లకూడదు కూడా, ఇంజిన్ ఆగితే నూనె పంపు తిరగదు, లోపల చక్రాలు ఎండుగా రాసుకుంటాయి. చదునైన ట్రక్కు మీద ఎక్కించాల్సిందే. ఇలాంటి నష్టానికి బీమాలో అదనపు రక్షణ దొరుకుతుంది గానీ, పాత కార్లకు చాలా కంపెనీలు దాన్ని ఇవ్వవు. అవసరమున్నవాడికే అందకపోవడం బీమా వ్యాపారంలో ఆనవాయితీ.

డ్రైవర్ల అలవాట్లు కొంత పాపం మూటగట్టుకుంటాయి. ఫ్లైఓవర్ ఎక్కే వాలులో బ్రేకు బదులు యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టడం కోల్‌కతాలో చాలామందికి ఒక విద్య. అలా నిలబెట్టినంతసేపూ కన్వర్టర్‌లో నూనె కాగుతూనే ఉంటుంది. వెనక్కి జారుతుండగానే 'డి' వెయ్యడం, ముందుకు కదులుతుండగానే 'ఆర్' వెయ్యడం ఇంకో విద్య. వాలు మీద హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా 'పి'లో వదిలేసి, పొద్దున్నే టక్‌మని లాగితే వచ్చే చప్పుడు గేర్‌బాక్స్ జబ్బు కాదు, బండి బరువంతా చిన్న కొక్కెం మీద రాత్రంతా వేలాడిన ఫలితం.

పైన చెప్పిందంతా టార్క్ కన్వర్టర్ ఉన్నవాటికి. 2014 తర్వాత వచ్చిన చవక ఏఎమ్‌టీల సంగతి వేరు. వాటిలో ఉన్నది మామూలు గేర్‌బాక్స్, మామూలు క్లచ్చే. మీ కాలూ చెయ్యీ చేసే పనిని ఒక మోటారు చేస్తుంది. కొత్తలోనే కాస్త తలూపుతాయి. వయసొచ్చాక ఎక్కువ ఊపితే ముందు క్లచ్ అరిగిందేమో చూడాలి, మార్చాక ఆ కొత్త క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాలి. ఆ రెండో పని చేసే పరికరం లేని వర్క్‌షాపులో క్లచ్ మార్పించుకుంటే కుదుపు అక్కడే ఉంటుంది, బిల్లు మాత్రం మారుతుంది.

రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌ల విషయంలో మాత్రం యజమాని ఎంత జాగ్రత్తపడినా కొన్నిసార్లు లాభముండదు, లోపం పుట్టుకతోనే ఉంటుంది. ఫోర్డ్ కంపెనీ పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్ కథ అలాంటిదే. ఆస్ట్రేలియాలో ఫియెస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ యజమానులు కుదుపుల మీద ఫిర్యాదు చేస్తే మీరు నడపడంలోనే తప్పుందని చెప్పి పంపేవారు. అక్కడి వినియోగదారుల సంస్థ కోర్టుకెళ్లింది. ఫిర్యాదుదారులతో వ్యవహరించిన తీరు అన్యాయమని తేల్చి 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. చైనాలో 2013 మార్చిలో ప్రభుత్వ టీవీ ఒక కార్యక్రమం ప్రసారం చేసిన కొద్దిరోజుల్లోనే ఫోక్స్‌వ్యాగన్ తన డీఎస్‌జీ గేర్‌బాక్సుల కోసం 3,84,181 కార్లను వెనక్కి పిలిచింది. మనదగ్గర? ఫోర్డ్ 2013లో ఎకోస్పోర్ట్‌ను ఇక్కడ రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌తోనూ అమ్మింది, 2021లో దేశంలో కార్ల తయారీకి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. అంతకుముందే షెవర్లే దుకాణం కట్టేసింది. ఆ కార్లు కొన్నవాళ్లు విడిభాగాల కోసం మల్లిక్‌బజార్ లాంటి సంతలవైపు చూస్తున్నారు.

చట్టం లేదా అంటే ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని కంపెనీలను ఆదేశించే అధికారం ప్రభుత్వానికిచ్చారు. 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమల్లోకొచ్చాయి. కానీ అవి వర్తించేది ఏడేళ్లలోపు వాహనాలకే. పదిహేనేళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలంటే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. అంటే ఏడేళ్ల తర్వాత మీ కారు లోపంతో ప్రభుత్వానికి పనిలేదు, పదిహేనేళ్ల తర్వాత మీ కారు వయసుతో మాత్రం పనుంది. మధ్యలో ఎనిమిదేళ్లు మీరూ, మీ మిస్త్రీ. కలకత్తా హైకోర్టు 2008లో పదిహేనేళ్లు దాటిన వాణిజ్య వాహనాలను నగరంనుంచి పంపించెయ్యమన్నప్పుడు కాలుష్యం అనే బలమైన కారణముంది. దాన్ని కాదనలేం. కానీ మంచి స్థితిలో ఉన్న ఒక కారు కేవలం గేర్‌బాక్స్ బాగుచేసేవాడు దొరక్క తుక్కుకు వెళ్తే పర్యావరణానికి ఒరిగేదేమిటో నాకు బోధపడదు. కంపెనీలు గేర్‌బాక్స్ సమాచారాన్ని, స్కానర్ పాస్‌వర్డులను బయటి మెకానిక్‌లకు ధర పెట్టయినా ఇవ్వాలనే నిబంధన యూరప్‌లో ఎప్పట్నుంచో ఉంది. మల్లిక్‌బజార్ కుర్రాడి చేతికి అది అందితే, మొదట చెప్పిన బ్యాంకు ఉద్యోగి లాంటివాళ్లకు సగం ధర బిల్లుల బెడద చాలావరకు తప్పుతుంది.

అప్పటిదాకా, పాత ఆటోమేటిక్ కొనబోయేవాళ్లకు ఒక మాట. పొద్దున్నే వెళ్లండి. మేము వచ్చేదాకా కారు స్టార్ట్ చెయ్యొద్దని ముందురోజే చెప్పండి. వెళ్లగానే మాటల్లో పడకుండా బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా తగిలితే, అమ్మేవాడు చల్లని గేర్‌బాక్స్ చప్పుడు మీకు వినిపించకూడదనుకున్నాడన్నమాట. చల్లగా ఉంటే 'డి' వేసి, అది పట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. రెండు సెకన్లు దాటితే, టీ తాగి వచ్చెయ్యండి.